వినకుంటే వినలే అనాలె

నర్సింలు ఫోన్ చేసేసరికి నేను ల్యాబులో పిల్లల రికార్డులు దిద్దుతున్నాను. సిద్దిపేటలో మా కాలేజీ ఊరికి కాస్త ఎడంగా ఉంటుంది. మధ్యాహ్నమైతే ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు.

"మేడం, పెద్దమ్మ పోయిందట," అన్నాడు. ముక్కు చీది, మళ్లీ అందుకున్నాడు. "విన్న మేడం. చూడలే. దవాఖానల మా బామ్మర్ది ఉన్నడు. ఆయన చూసిండు. ఆయన చెప్తె విన్న."

ఏడుస్తూ కూడా ఆమె పెట్టిన కట్టుబాటు తప్పలేదు నర్సింలు. రికార్డు పుస్తకం మూసి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. చావు కబురును కూడా ఇంత నిక్కచ్చిగా చెప్పే ఊరు ఇంకొకటి ఉంటుందనుకోను. ఆ నిక్కచ్చితనం నేర్పిన మనిషే పోయింది.

ఆమె నీరటి. కాలువ నీళ్లు ఎవరి మడికి ఎప్పుడు మళ్లాలో, ఎప్పుడు ఆగాలో చూసే మనిషిని మా వైపు నీరటి అంటారు. మర్కూక్ దాటాక, పెద్ద కాలువకు పుట్టిన ఒక పిల్లకాలువ మీద ఆమె ఊరు. ఆ పిల్లకాలువ తూము దగ్గర మొదలై, వంతెన కింద నుంచి పోయి, ఒక గుట్ట చుట్టూ తిరిగి, చివరి మడుల్లో అయిపోతుంది. ఆ చివరి మడులు నర్సింలు లాంటి చిన్న రైతులవి. నీళ్లు తక్కువ పడితే మొదట ఎండేవి అవే.

ముందు ఆమె భర్త నీరటి. ఆయన పోయాక ఊళ్లో మగవాళ్లు కూర్చుని ఇంకెవరిని పెట్టాలా అని మాట్లాడుకుంటుంటే, ఆమె గోడకు ఆనించిన పార భుజాన వేసుకుని తూము దగ్గరికి పోయి నిలబడిందట. ఇది నేను చూసింది కాదు, విన్నది. నిన్నెవరు పెట్టిన్రు అని అడిగితే, "కాలువ ఎంబడి చివరిదాంక నడిచెటోళ్లు ఎవలున్నరో రాండ్రి. పార చేతుల వెడ్త. ఇంటికి పోయి వండుకుంట," అందట. వెళ్లి రావడానికి సగం పూట పడుతుంది. ముళ్లు, పాములు, ఎండ. ఎవరూ రాలేదు. అప్పటి నుంచి ఆ పార ఆమెదే.

పార కామకు మూడు గాట్లు ఉండేవి. కింది గాటు బెత్తెడు, దాని పైది జానెడు, ఆ పైది మూరెడు. ఎక్కడికి పోయినా ముందు ఆ కామను నీళ్లలో దించి చూసేది. ఒకసారి వాళ్లింట్లో నాకు చాయ్ ఇచ్చి, తన గ్లాసులో వేలు పెట్టి లోతు చూసుకుని తాగింది. నేను నవ్వితే, "అలవాటు బిడ్డా, నీకేం నొప్పి," అంది. పరిశోధన పని మీద నేను ఆ ఊరికి వెళ్లిన మొదటి నెలంతా నన్ను మేడం అని వెక్కిరింపుగా పిలిచింది. మా అమ్మ ఏటా వర్గల్ సరస్వతి గుడికి పోతుందని చెబితే, "చదువు వర్గల్ల దొరుకుతది. నీళ్లు దొరకయ్. గవి గీడ నడిస్తెనే దొరుకుతయ్," అంది. ఏది చెప్పినా చివరికి నడకలోకే తెచ్చేది.

గుట్ట వెనక ఫోన్ సిగ్నల్ ఉండదు. అందుకని ఆ కాలువ మీద ఇప్పటికీ కేకలతోనే కబుర్లు నడుస్తాయి. చివర ఒకరు, గుట్ట మూల మీద ఒకరు, వంతెన దగ్గర ఒకరు, తూము దగ్గర ఒకరు. చివరివాడు కేక వేస్తే మూల మీది వాడు విని వంతెనకు అందిస్తాడు, వాడు తూముకు అందిస్తాడు. చివరికి నీళ్లు చేరాయని కబురు వచ్చాకే తూము మూసి, నీళ్లు ఇంకో పాయకు మళ్లించాలి. ఆ కబురు తప్పితే చివరి మడుల పని అయిపోయినట్టే.

అందుకే ఆమె కట్టుబాట్లు పెట్టింది. ప్రతి కేకా "చూసిన" అనో "విన్న" అనో మొదలవ్వాలి. కళ్లారా చూస్తేనే చూసిన అనాలి. పక్కవాడు చెబితే విన్న అనాలి. సరిగా వినపడకపోతే ఊహించి నింపకూడదు. "వినకుంటే వినలే అనాలె. అందుల సిగ్గేమున్నది," అనేది. రెండో కట్టుబాటు ఇంకా తమాషాగా ఉండేది. నీళ్ల లోతుతో పాటు రంగు కూడా చెప్పాలి. కొత్తగా పారే నీళ్లు మట్టిని, చెత్తను నెట్టుకుంటూ ఎర్రగా వస్తాయి. నిలవ నీళ్లు తేటగా ఉంటాయి. ఒకసారి నేను పక్కన ఉండగానే వంతెన మీది కుర్రాడు "విన్న. జానెడు, తేట" అని అరిచాడు. ఆమె పార నేలకు కొట్టింది. "పారే నీళ్లు తేటగ ఎట్లుంటయ్ రా? లోతన్న తప్పు, రంగన్న తప్పు. పో, మల్ల అడుగు," అంది. మళ్లీ అడిగితే తెలిసింది, చివర ఉన్నవాడు చూసింది పాత గుంటలో నిలిచిన నీళ్లను.

నేను నోరు తెరుచుకుని చూశాను. తప్పు పట్టుకోవడానికి అసలు సంగతికి తోడు ఇంకో సంగతిని జోడించి పంపడం మా చదువులో ఒక పెద్ద అధ్యాయం. నాలుగేళ్లుగా ఎంటెక్ పిల్లలకు బోర్డు మీద చెబుతున్నాను. ఈమె కాలువ గట్టు మీద నిలబడి తిట్లతో చెప్పేస్తోంది.

నా పని కూడా కేకలదే, కాకపోతే రేడియోలో. ఒక చోట పంపేది, దూరాన వినేది, మధ్యలో ఒక పెట్టె. మధ్య పెట్టెకు మాట శుభ్రంగా అందితే, దాన్ని అర్థం చేసుకుని కొత్తగా కోడ్ కట్టి ముందుకు పంపొచ్చు. అరకొరగా అందితే, అందినంత వరకు రొదతో సహా పెద్దది చేసి పంపొచ్చు. అసలు అందకపోతే ఊరుకోవచ్చు. గాలి పూటకో తీరుగా ఉంటుంది కాబట్టి, ఎప్పుడు ఏ పద్ధతో పెట్టె తనంతట తాను తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడం ఎలాగో కనిపెట్టడమే నా పీహెచ్‌డీ. ఒక సంస్థ ముందుకొచ్చి, ఈ కాలువ మీద పెట్టి చూపించమంది. తూము, వంతెన, గుట్ట మూల, చివర, నాలుగు చోట్ల కర్రలు పాతి పెట్టెలు బిగించాను.

మొదటి రోజే ఆమె గుట్ట మూల పెట్టె కింద నిలబడి అడిగింది.

"గీ నడుమ డబ్బా ఏం జేస్తది?"

"చివరిది చెప్పింది విని, మళ్లీ గట్టిగా చెప్తది పెద్దమ్మా."

"సగం ఇనొస్తె?"

"మిగతా సగం నింపుకుంటది."

"దేంతోని?"

"అంతకు ముందు విన్నదాంతోని."

ఆమె పెట్టెను, నన్ను మార్చి మార్చి చూసింది. "అంటె నిన్నటి కూర ఇయ్యాల వడ్డిస్తది," అంది. "తినెటోనికి ఎట్ల తెలుస్తది?"

నాకు ఒళ్లు మండింది. నిజం చెబుతున్నాను, గ్రాఫులో ఖాళీలు కనిపిస్తే నేను భరించలేను. అందుకే ఏమీ అందని వేళల్లో పాత కబురే మళ్లీ పంపేలా రాశాను. ల్యాబులో అది ఎంతో బాగా పని చేసింది. గీత ఎక్కడా తెగలేదు. మా గైడు మెచ్చుకున్నారు. పార మోసే మనిషి వచ్చి పాచికూర అంటే పడుతుందా? "నీకు తెల్వదు పెద్దమ్మా, ఇది లెక్క," అన్నాను. "తెల్వకపోతె తెల్వదంటనే గదా, నువ్వు అనవు," అంది.

ఇక ఆ రోజు సంగతి చెప్పాలి. యాసంగి పంట, వరి పొట్టకొచ్చి ఉంది. ఆ తడి అందకపోతే చివరి మడుల్లో తాలు తప్ప గింజ ఉండదు. తూము దగ్గర షామియానా వేశారు. పెద్ద తెర పెట్టారు. సంస్థ తరఫున ఒక పెద్దసారు, కాలువ కమిటీ అధ్యక్షుడు, మా గైడు, నేను. తెర మీద నాలుగు చుక్కలు పచ్చగా వెలుగుతున్నాయి. చివరి చుక్క కూడా పచ్చనే. "అన్నిచోట్లా చేరింది. తూము దించేయండి, ఆ పాయకు వదులుదాం," అన్నారు సారు. అధ్యక్షుడు ఒక కాగితం తీశాడు. చివరి వరకు నీళ్లు అందాయని కమిటీ, నేను, నీరటి సంతకాలు చేయాలి. కమిటీ సంతకం అయింది. నేను పెన్ను మూత తీశాను.

అప్పుడు వచ్చింది ఆమె. చివరి మడుల దాకా పోయి, తిరిగి నడిచి వచ్చింది. గుట్ట దాటేదాకా గట్టు మీద కాదు, కాలువ లోపలే నడిచిందట. నీళ్లు ఎదురుకాక ముందే గట్టెక్కి, కాళ్లు తడవకుండా వచ్చింది. కావాలనే. నేరుగా షామియానాలోకి వచ్చి, కుర్చీల ముందు చీర కాస్త పైకి పట్టి నిలబడింది.

"నా కాళ్లు జూడున్రి. తడి ఉన్నదా?"

పిక్కల దాకా దుమ్ము. పొడి దుమ్ము.

"సిస్టం చూపిస్తోంది కదమ్మా," అన్నారు సారు, మర్యాదగానే.

"చూపెట్టనియ్యి సారు. అది చూడలే. నేను చూసిన. గుట్టెన్క కాలువల చీమలు నడుస్తున్నయ్."

అధ్యక్షుడు లేచాడు. వరసకు ఆమెకు మరిది. "వదినె, పెద్దోళ్లొచ్చిన్రు. ఏలుముద్ర ఎయ్యి. నీళ్లు రేపైనా వస్తయ్ గదా."

"వచ్చినంక ఏస్త."

"ఊరందరిదొక దారి, ఉలిపికట్టెదొక దారి అంటె గిదే. గట్లయితె రేపటి సంది వేరే నీరటిని చూసుకుంటం."

ఆమె కోపం తెచ్చుకోలేదు. భుజం మీది పార దించి, రెండు చేతులా పట్టుకుని ఆయన ముందుకు చాపింది. "ఇగో పార. తీస్కో. చివరిదాంక పోయి చూసొచ్చి చెప్పు. నీ మాటనే వింట." ఆయన పార వైపు చూశాడు, తన తెల్లబట్టల వైపు చూసుకున్నాడు, కూర్చున్నాడు.

ఆ తర్వాత నా వైపు తిరిగింది. అరవలేదు. ఇంట్లో ఉప్పుందా లేదా అని అడిగినట్టు అడిగింది.

"బిడ్డా, నీ డబ్బా విన్నదా, వినలేదా? గంతే చెప్పు."

నాకు తెలుసు. ల్యాప్‌టాప్‌లో ఇంకో పేజీ తెరిస్తే ఉంటుంది. గుట్ట మూల పెట్టెకు ముందురోజు మధ్యాహ్నం నుంచి చివరి పెట్టె మాట అందలేదు. అంతకు ముందు చివరిసారిగా వచ్చిన చిన్న తడి కబురునే అది పచ్చగా వాయిస్తోంది. గైడు నన్ను చూస్తున్నారు. సారు చూస్తున్నారు. రెండేళ్ల పని ఆ తెర మీద ఉంది. నేను నోరు విప్పలేదు. ఎంతసేపో చెప్పలేను కానీ, ఆ కాసేపు గురించి ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆమె మాత్రం తొందరపెట్టలేదు. పార కామ మీద గడ్డం ఆనించి, జవాబు వచ్చేదాకా ఉంటానన్నట్టు నిలబడింది.

"వినలేదు," అన్నాను.

తూము దించలేదు. మరుసటి రోజు మధ్యాహ్నానికి చివరి మడులకు నీళ్లు చేరాయి. గింజ గట్టిపడింది. నెల తిరగకుండా సంస్థ నుంచి ఫలితాలు తృప్తికరంగా లేవని ఉత్తరం వచ్చింది. పని ఆగిపోయింది. కాలేజీలో నన్ను చూసి కొందరు ముసిముసిగా నవ్వారు. ఎవరి మీద కోపం రావాలో తెలియక ఆమె మీదే తెచ్చుకున్నాను. ఆ ఊరి ఛాయలకు పోలేదు.

ఒకరోజు నర్సింలు కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో కొత్తబియ్యం సంచి.

"పెద్దమ్మ చెప్పమన్నది మేడం. 'విన్న. మేడం కోపంల ఉన్నదట. చూడలే. వచ్చి చూపెట్టి పొమ్మను.'"

కడుపుబ్బ నవ్వాను. మరుసటి ఆదివారమే వెళ్లాను. కోపం చూపెట్టడానికే వెళ్లాను కానీ, ఆమె ముందు అది నిలవలేదు. అరుగు మీద కూర్చుని మళ్లీ మొదటి నుంచి అడిగాను. స్పష్టంగా వింటే ఏం చేస్తావు? సగం వింటే ఏం చేస్తావు? "మంచిగ ఇనొస్తె నా మాటల్ల మల్ల చెప్త, ఇంకా ఖుల్లగ. సగం ఇనొస్తె ఆ సగమే, ఎట్ల ఇనొచ్చిందో అట్లనే చెప్త, సగమే అని చెప్పి చెప్త. అవతలోడు ఇంకో దిక్కు నుంచి ఇంకో సగం ఇని ఉంటడేమో, రెండు కలుపుకుంటడు. నేను నా మనసుల నుంచి నింపితె వాడు కలుపుకునేది కూడ చెడుతది." నేను రాసుకుంటూ పోయాను. ఆ ఆదివారం నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం అయింది.

సంస్థ అక్కడే వదిలేసిన పెట్టెలకు బుద్ధి మార్చాను. లోతుతో పాటు నీటి మురికిని కొలిచే ముక్క కూడా బిగించాను. రెండూ పొసగకపోతే, ఆ కబురుకు అనుమానం గుర్తు తగిలించి పెట్టె ఉన్నదున్నట్టు పంపేది. అసలు అందకపోతే, తెర మీద ఆ చుక్క ఆరిపోయి పక్కన "వినలే" అని వచ్చేది. గ్రాఫు నిండా ఖాళీలే. అంత అందమైన గ్రాఫు నేను మళ్లీ గీయలేదు.

థీసిస్‌లో, ఈ పద్ధతి ఒక నీరటి దగ్గర నేర్చుకున్నానని రాశాను. ఇలాంటివి మొదటి పేజీల్లో కృతజ్ఞతల దగ్గర పెట్టుకో, ఆధారాల్లో వద్దు అన్నారు గైడు. తీయలేదు. పరీక్షకు వచ్చిన పెద్దాయన కూడా, దీనికి ప్రచురణ ఏది అని అడిగారు. "కాలువ గట్టు సార్. ఎండాకాలం వస్తే చూపిస్తాను," అన్నాను. ఆయన నవ్వలేదు కానీ సంతకం పెట్టారు. అక్కడ పేరు మాత్రం లేదు. పేరు రాస్తానంటే ఆమే ఒప్పుకోలేదు. "నా పేరెందుకు? నీరటి అని రాయి. పేరు రాస్తె నాతోనే పోతది." అందుకే ఇక్కడా రాయడం లేదు.

దినాలనాడు వెళ్లాను. వాకిట్లో టెంటు, కుర్చీలు, వంటల పొగ. పార గోడకు ఆనించి ఉంది. అధ్యక్షుడు నన్ను చూడగానే ఎదురొచ్చి, పక్కకు పిలిచాడు. జేబులో నుంచి కాగితం తీశాడు. మనిషికి కాగితాల పిచ్చి పోలేదు.

"మేడం, ఇగ డబ్బాలున్నయ్ గదా. మీరు మంచిగ చేసిన్రు. నీరటి అవసరం లేదని కమిటీల అనుకున్నం. మీరొక్క సంతకం వెడితె అయిపోతది."

నేను ఫోన్ తీసి తెర చూశాను. ఆ రోజు చివరి మడుల తడి వంతు. మూడు చుక్కలు పచ్చగా ఉన్నాయి. నాలుగోది ఆరిపోయి ఉంది. పక్కన "వినలే."

"ఇది చూసొచ్చి మాట్లాడతాను," అన్నాను.

"గంత దూరం ఎందుకు మేడం, బువ్వ తిని..."

గోడకు ఆనించిన పార తీసుకున్నాను. ఎంత బరువుందో అప్పుడు తెలిసింది. నర్సింలు వెంట వచ్చాడు. గుట్ట మూల దగ్గర అతను ఆగాడు, నేను ముందుకు పోయాను. చెప్పులు తెగితే చేత పట్టుకుని నడిచాను. చివరి పెట్టెకు అడ్డంగా తుమ్మకొమ్మ ఒకటి ఒరిగి ఉంది, అంతే. చివరి మడి దగ్గర కాలువలోకి దిగి కామ దించాను. రెండో గాటు తడిసింది. నీళ్లు ఎర్రగా, గడ్డిపోచలు నెట్టుకుంటూ వస్తున్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే గుట్ట వైపు తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"చూసిన. జానెడు, ఎర్రగ."

కాసేపటికి గుట్ట మూల నుంచి నర్సింలు గొంతు వినపడింది. "విన్న. జానెడు, ఎర్రగ. మేడం చూసింది." వంతెన మీది నుంచి ఇంకెవరో అందుకున్నారు.

మేం తిరిగి వచ్చేసరికి భోజనాల ఆఖరి బంతి ఇంకా లేవలేదు, జనం అలాగే ఉన్నారు. అధ్యక్షుడు కాగితం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. సంతకం చోట మూడు ముక్కలు రాసి ఇచ్చాను. "పెట్టె వినలేదు. మనిషి చూసింది. నీరటి ఉండాలి."

ఆయన అది చదివి, గొంతు తగ్గించాడు. "మంచిగనే ఉంది మేడం. మరి నడిచేదెవలు? ముసల్ది పాయె."

పార భుజం మీద నుంచి దించి, రెండు చేతులా ఆయన ముందుకు చాపాను. "ఇగో పార."

కూర్చున్నవాళ్లందరూ ఇటు తిరిగారు. ఆయన నా బురద కాళ్ల వైపు చూశాడు. ఆయన చేయి కదల్లేదు. నాకు చేతులు గుంజుతున్నాయి, అయినా దించలేదు. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, వంటల వైపు నడిచాడు.

వెనక నుంచి నర్సింలు వచ్చి పార అందుకున్నాడు.

"ఇటియ్యి మేడం. రేపు పొద్దుగాల నేను పోత. కాయితం జేబుల ఏసుకున్నడు. నేను చూసిన."